పారాసిటమాల్ మింగే ముందు

- అట్ట తిప్పి చూడండి: 500 మిల్లీగ్రాములా, 650 మిల్లీగ్రాములా? పెద్దలకు ఒకసారికి ఒక మాత్ర చాలు. ఆరు గంటల ఎడం పాటిస్తే రోజుకు నాలుగే. ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు.

- జలుబు మాత్ర కూడా వేసుకున్నారా? చాలావాటిలో పారాసిటమాల్ ఉంటుంది, అదీ లెక్కలోకే వస్తుంది.

- పిల్లలకు బరువే కొలత: ఒకసారికి కిలోకు 15 మిల్లీగ్రాములు. పది కిలోల బిడ్డకు 150. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. సిరప్పు 5 మి.లీ.లో 120 మిల్లీగ్రాములు ఉన్నదీ, 250 ఉన్నదీ దొరుకుతాయి. మొదటిది ఆరు మి.లీ., రెండోది మూడే. వంటింటి చెంచా వద్దు, కొలత మూత వాడండి. మూడు నెలల లోపు పసివాళ్లకు జ్వరమొస్తే నేరుగా డాక్టరు దగ్గరకే.

- రోజూ మద్యం తాగేవారు, కామెర్లు వచ్చినవారు డాక్టరును అడగాలి. దెబ్బతినేది కాలేయం.

- శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, పలాస వైపు వారికి మరో మాట. మీ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో తెలిసిందే. జీడితోట పనికి వెళ్లొచ్చి, ఒళ్లు నొప్పులని దుకాణంలో ‘నొప్పి బిళ్ల’ అడిగితే చేతికొచ్చేది డైక్లోఫెనాక్ అనే వేరే మందు కావచ్చు. అది మూత్రపిండాలకు చేటు. పారాసిటమాల్ అని పేరు చెప్పి అడగండి.

- మూడో రోజుకూ జ్వరం దిగలేదా? మాత్ర ఆపి, పీహెచ్‌సీలో మలేరియా, డెంగీ రక్తపరీక్ష చేయించుకోండి.