డాక్టరుకూ ఇంటికీ మధ్య ఒక మనిషి

సైకియాట్రీ ఓపీలో ఒక కుటుంబానికి దక్కేది పది నిమిషాలు. అందులో తండ్రి ఒకటి చెబుతాడు, మేనమామ కాదంటాడు, అసలు కుర్రాడు నేల చూస్తూ కూర్చుంటాడు. ఆ పక్క గదిలో కూర్చునే సోషల్ వర్కర్‌ని నేను. పిల్లలకు తొలిసారి సైకోసిస్ (లేని గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలను నిజమని నమ్మడం) వచ్చి కంగారుపడుతున్న ఇంటివాళ్లతో మొదట అనే మాట: ఆది నుంచి సంగతులన్నీ తెలిసిన మనిషి ఇంట్లో ఒకరు ఉండాలి.

సింగపూర్‌లో 2001లో మొదలైన తొలిదశ సైకోసిస్ కార్యక్రమంలో ప్రతి రోగికీ ఒక కేస్ మేనేజర్, అంటే ఆ రోగి సంగతులన్నీ మొదటి నుంచీ చూసుకునే మనిషి, ఉంటారు. చెన్నైలో మానసిక రోగుల కోసం పనిచేసే స్కార్ఫ్ సంస్థ కూడా ఆ పద్ధతిలో పనిచేసింది. మన జిల్లాల్లో చాలాచోట్ల ఆ ఉద్యోగమే లేదు, కాబట్టి సగం పని ఇంట్లోవాళ్ల మీదే పడుతుంది. ఇంట్లో ఎవరి గొంతు పెద్దదో వాళ్లకు ఈ పని అప్పగించకండి. ఎవరు పిలిస్తే అతను అన్నానికి వస్తాడో వాళ్లు చేయాలి. చాలాసార్లు అది అక్కో పిన్నో అవుతుంది. అతన్నే అడిగి తేల్చుకోండి.

ఒక నోటు పుస్తకం కొనండి. రోజూ ఎన్ని గంటలు నిద్రపోయాడు, తిన్నాడా, స్నానం చేశాడా, మాత్ర వేసుకున్నాడా, ఇవి రాయండి. మాటలు మాత్రం అతనివే రాయాలి. ‘పిచ్చిగా మాట్లాడాడు’ అని రాస్తే డాక్టరుకు ఏమీ తెలియదు. ‘వార్తలు చదివే అమ్మాయి తన గురించే చెబుతోందన్నాడు, రాత్రి ఎనిమిదింటికి’ అంటే తెలుస్తుంది. పుస్తకం దాచకండి. అతను అడిగితే చూపించండి, ఇష్టమైతే అతన్నీ రాయనివ్వండి.

ఇంట్లో నలిగేది మందుల దగ్గరే. మందు మొదలుపెట్టేటప్పుడే బరువు, నడుము చుట్టుకొలత, షుగరు, కొలెస్ట్రాల్ చూపించి పుస్తకంలో ఎక్కించండి, ఎందుకంటే కొన్ని మందులతో ఒళ్లు తొందరగా వస్తుంది. కుదురుగా కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతుంటే జబ్బు ముదిరిందని ఇంట్లోవాళ్లు హడలిపోతారు. అది మందు వల్ల కూడా కావచ్చు, అడగండి. మెడ ఒక పక్కకు లాగేసినా, కనుగుడ్లు పైకి తిరిగిపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఇంజెక్షనుతో త్వరగా సర్దుకుంటుంది. ఒళ్లు కొయ్యబారి, జ్వరం ఎక్కువై, తికమకగా మాట్లాడితే ఆలస్యం వద్దు, 108కి ఫోను చేయండి.

నెమ్మదించాక మానేయడం మరో తంటా. తొలిసారి జబ్బు తగ్గాక కూడా మామూలుగా ఏడాది, రెండేళ్లపాటు మందు కొనసాగిస్తారు. తగ్గించాలన్నా డాక్టరే తగ్గించాలి. సాంబారులో కలిపి ఇవ్వడాన్ని నేను ఒప్పుకోను. తనకు విషం పెడుతున్నారని అనుమానించే మనిషి అది కనిపెట్టిన రోజున ఆ అనుమానం నిజమైనట్టే కదా! వేసుకోనంటే ఆ మాటే డాక్టరుకు చెప్పండి. కొన్ని వారాలకొకసారి వేసే ఇంజెక్షన్లున్నాయి.

గొంతులు వినిపిస్తున్నాయంటే వాదించకండి, అవునని తలా ఊపకండి. ‘నాకు వినపడటం లేదు తమ్ముడూ. నీకు వినిపిస్తుంటే భయంగానే ఉంటుంది. రా, కాసేపు వరండాలో కూర్చుందాం’ అంటే చాలు.

గుడికో దర్గాకో వెళ్తామంటే నేను అడ్డు చెప్పను, మాత్రలు వెంట తీసుకెళ్లమంటాను. గొలుసు మాట ఎత్తితే మాత్రం ఊరుకోను. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా ఊళ్లో, మానసిక రోగులను ఉంచే ఒక ఆశ్రమంలో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. పెళ్లి చేస్తే కుదురుకుంటాడనే పెద్దలకు నా జవాబు: కుదురుకోడు, ఇంకో ఆడపిల్లను ఇందులోకి లాగకండి.

అతను తేరుకున్న రోజుల్లో పక్కన కూర్చుని, ఈసారి మొదట ఏం మారిందో ఇద్దరూ రాసుకోండి. ఒకరికి నిద్ర పట్టదు, మరొకరు ఫోనులో సిమ్ తీసి పారేస్తారు. అవి మళ్లీ కనిపిస్తే ఎవరికి ఫోను చేయాలి, ఏ ఆసుపత్రికి వెళ్లాలి, ఏ మందు పడలేదు అన్నది అతని మాటల్లోనే ఉండాలి. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు తమకు ఏ చికిత్స కావాలో ముందే రాసి పెట్టుకోవడానికీ, తమ తరఫున మాట్లాడే మనిషిని ఎంచుకోవడానికీ ఆ 2017 చట్టమే హక్కు ఇచ్చింది.

తేరుకున్నాకే ‘నా బతుకు ఇంతేనా’ అనే దిగులు కమ్ముకోవచ్చు. చనిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోను సాయం టెలీమానస్ నంబరు 14416కు రాత్రయినా పగలయినా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

సాధింపు ఎక్కువున్న ఇళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువని పరిశోధకులు ఎన్నో దేశాల్లో చూశారు. నిద్రలేని మనిషే ఎక్కువ సాధిస్తుంది, అందులో ఆమె తప్పేమీ లేదు. అందుకే వారంలో ఒక రోజు పుస్తకమూ మాత్రల పెట్టె రెండూ అన్నకో బాబాయికో అప్పగించి, అక్కను పడుకోనివ్వండి.