కామన్ రైల్ డీజిల్ ఇంజిన్: పంపు మార్చే ముందు చూడాల్సినవి

సమస్య: సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతుంది గానీ అందుకోదు. పొద్దున్నే బాగానే స్టార్ట్ అవుతుంది, వేడెక్కాక మొండికేస్తుంది.

కారణం: రైల్‌లో (అన్ని ఇంజెక్టర్లకూ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టం) కనీస ఒత్తిడి వచ్చేదాకా ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లను తెరవనివ్వదు. చాలా ఇంజిన్లలో అది 150 నుంచి 250 బార్ మధ్య ఉంటుంది. స్కానర్‌లో పీ0087 అనే ఎర్రర్ కోడ్ కనిపించగానే హై ప్రెషర్ పంపు పోయిందనేస్తారు. ఆ కోడ్ చెప్పేది ఒత్తిడి చాలడం లేదనే, ఎక్కడ పోతోందో చెప్పదు. చాలా సందర్భాల్లో, అరిగిన ఇంజెక్టర్ లోపలి నుంచే డీజిల్ రిటర్న్ పైపులోకి (మిగిలిన డీజిల్ వెనక్కి వెళ్లే పైపు) జారిపోతుంటుంది. వేడికి డీజిల్ పలచబడుతుంది కాబట్టి ఆ లీకు ఇంకా పెరుగుతుంది.

పరిష్కారం: ముందు ఫిల్టర్, పైపుల్లో గాలి బుడగలు చూడండి. తర్వాత ప్రతి ఇంజెక్టర్ రిటర్న్‌కూ ఒకే సైజు సీసా తగిలించి కాసేపు సెల్ఫ్ కొట్టండి. ఒక సీసా మిగతావాటికంటే బాగా ఎక్కువ నిండితే దొంగ దొరికినట్టే. (పియెజో, అంటే కరెంటు ఇస్తే సాగే స్ఫటికంతో పనిచేసే ఇంజెక్టర్లలో కొన్నింటికి రిటర్న్ లైన్‌లోనూ ఒత్తిడి ఉండాలి, వాటికి ఈ పద్ధతి పనికిరాదు.) అన్నీ సమానంగా, తక్కువగా ఉంటే అప్పుడు మీటరింగ్ వాల్వ్ (పంపులోకి ఎంత డీజిల్ వెళ్లాలో నియంత్రించేది), పంపు సంగతి చూడొచ్చు. సెల్ఫ్ కొడుతుండగా స్కానర్‌లో ఆర్‌పీఎం సున్నా చూపిస్తుంటే మాత్రం ఇదంతా అనవసరం, ఇంజిన్ తిరిగే వేగాన్ని ఈసీయూకి చెప్పే క్రాంక్ సెన్సర్, దాని వైరింగ్ చూడండి.

పాత మెకానికల్ ఇంజిన్ల అలవాటుతో ఇంజిన్ నడుస్తుండగా హై ప్రెషర్ పైపు నట్టు వదులు చేయొద్దు. ఆ జెట్ చర్మంలోకి దూసుకుపోతుంది. గాయం సూది గుచ్చినంతే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

సమస్య: ఐడిల్‌లో ఏ లోపమూ ఉండదు, ఎత్తు ఎక్కేటప్పుడు పవర్ పడిపోయి లింప్ మోడ్‌లోకి (ఇంజిన్‌ను కాపాడేందుకు ఈసీయూ పవర్ తగ్గించే స్థితి) వెళ్తుంది.

కారణం, పరిష్కారం: ఐడిల్‌కు దాదాపు 300 బార్ చాలు, ఫుల్ లోడ్‌లో చాలా ఇంజిన్లలో 1600 దాటుతుంది. అందుకే బండి నిలబెట్టి చూస్తే ఏమీ దొరకదు. పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని లైవ్ డేటాలో ఈసీయూ అడిగిన ఒత్తిడి, వచ్చిన ఒత్తిడి రెండూ రికార్డ్ చేయించండి. లోడ్ పెరిగేకొద్దీ రెండోది వెనకబడితే ముందు ఫిల్టర్ మార్చండి, ట్యాంకు వైపు పైపులు చూడండి.

సమస్య: ఇంజెక్టర్ మార్చాక నాకింగ్, ఐడిల్ ఊగిసలాట.

పరిష్కారం: కొత్త ఇంజెక్టర్ మీద ముద్రించి ఉన్న దాని సొంత కోడ్‌ను స్కానర్‌తో ఈసీయూలో, సరైన సిలిండర్ నంబర్‌కే ఎక్కించండి.