ఎస్‌క్యూఎల్ సర్వర్: తేదీని డెసిమల్‌గా, డెసిమల్‌ను తేదీగా మార్చేటప్పుడు వచ్చే చిక్కులు

ఎస్‌క్యూఎల్ సర్వర్ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్)లో క్వెరీ, అంటే డేటాను అడిగే ఆదేశం, రాసే ముందు తేదీ ఉన్న కాలమ్‌లోని నాలుగైదు విలువలు చూడండి. 45290 లాంటి అయిదంకెల సంఖ్య అయితే అది రోజుల లెక్క. 20240115 లాంటిదైతే తేదీనే అంకెల్లో రాశారన్నమాట. చాలా తప్పులు ఈ రెండింటినీ కలగలపడం వల్లే వస్తాయి.

సమస్య: 8115, అరిథ్‌మెటిక్ ఓవర్‌ఫ్లో ఎర్రర్

డెసిమల్‌ను (దశాంశ సంఖ్యను) డేట్‌టైమ్‌గా (తేదీ, సమయం కలిసిన రకంగా) క్యాస్ట్ చేస్తే, అంటే మారిస్తే, సర్వర్ దాన్ని 1900 జనవరి 1 నుంచి గడిచిన రోజులుగా తీసుకుంటుంది. 9999 డిసెంబర్ 31 దాకా లెక్కపెట్టినా 2958463 రోజులే. 20240115 అంటే రెండు కోట్ల పైచిలుకు రోజులు, అందులో ఎలా పడతాయి?

పరిష్కారం: ట్రై_కన్వర్ట్(డేట్, కన్వర్ట్(చార్(8), కన్వర్ట్(ఇంట్, బిల్లు_తేదీ)), 112)

ఇక్కడ బిల్లు_తేదీ అనేది కాలమ్ పేరు, చార్(8) అంటే ఎనిమిది అక్షరాల చోటు, 112 అంటే ఏడాది, నెల, రోజు వరసగా రాసే రూపం. మధ్యలో ఇంట్‌ను (పూర్ణాంక రకాన్ని) వదిలేయకండి. కాలమ్ డెసిమల్(10,2) అయితే విలువ 20240115.00 అవుతుంది, ఆ పదకొండు అక్షరాలు చార్(8)లో పట్టవు. తేదీ లేనిచోట 0 గానీ 99999999 గానీ పెట్టి ఉంటే ట్రై_కన్వర్ట్ నల్ (ఖాళీ విలువ) ఇస్తుంది. అలాంటి వరుసలు ఎన్నున్నాయో ముందే లెక్క చూసుకోండి, లేకపోతే రిపోర్టులోంచి చప్పుడు లేకుండా జారిపోతాయి.

సమస్య: మధ్యాహ్నం తర్వాతి ఎంట్రీలు మర్నాటి లెక్కలోకి వెళ్తున్నాయి

డేట్‌టైమ్‌ను ఇంట్‌గా మారిస్తే భిన్నం తెగిపోదు, దగ్గరి పూర్ణాంకానికి సర్దుకుంటుంది. 2024 జనవరి 1 ఉదయం 11:59కి 45290 వస్తే, మధ్యాహ్నం 12:01కి 45291 వస్తుంది. క్యాస్ట్ బదులు రెండు తేదీల మధ్య రోజులు లెక్కపెట్టే డేట్‌డిఫ్(డే, '19000101', కాలమ్) వాడండి. డేట్, డేట్‌టైమ్2 కాలమ్‌లను నేరుగా ఇంట్‌గా మార్చనివ్వరు. వాటికీ ఇదే దారి.

సమస్య: ఎక్సెల్ నుంచి తెచ్చిన తేదీలు రెండు రోజులు ముందుకు జరిగాయి

ఎక్సెల్ 1900 జనవరి 1ని 1గా లెక్కిస్తుంది, పైగా అసలు లేని 1900 ఫిబ్రవరి 29ని కూడా కలుపుకుంటుంది. కాబట్టి క్యాస్ట్(విలువ - 2 యాజ్ డేట్‌టైమ్) అని రాయండి. 45292.75 అప్పుడు 2024 జనవరి 1 సాయంత్రం 6 గంటలవుతుంది. ఇక్కడ డేట్‌యాడ్ (తేదీకి రోజులు కలిపే ఫంక్షన్) వాడితే ఆ .75 పోతుంది.

డెసిమల్‌లో సమయం దాచాలంటే చుక్క తర్వాత కనీసం ఆరు స్థానాలు ఉంచండి. రెండే ఉంటే 0.01 రోజు, అంటే 14 నిమిషాల 24 సెకన్లు. అంతకన్నా చిన్న తేడా దాంట్లో నిలవదు.

సమస్య: మార్పిడి సరిగానే ఉంది, క్వెరీ మాత్రం నెమ్మది

వేర్‌లో (వరుసలను వడకట్టే షరతులో) కాలమ్‌కే కన్వర్ట్ చుట్టేస్తే ఇండెక్స్ (వేగంగా వెతకడానికి వాడే సూచిక) సరిగా పనిచేయదు. మీరిచ్చే తేదీనే ఒక్కసారి 20240115 రూపంలోకి మార్చి, కాలమ్‌ను ఉన్నదున్నట్టుగా దాంతో పోల్చండి.