ఎర్ర స్టిక్కర్ పడిన గర్భం: ఆఖరి వారాల చెకప్‌లకు జాగ్రత్తలు

ఎంసీపీ కార్డు (గర్భిణికి ఇచ్చే తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) మీద ఎర్ర స్టిక్కర్ అంటించారంటే హైరిస్క్ అని, అంటే ప్రమాదం ఎక్కువున్న గర్భమని. బీపీ, షుగర్, కవలలు, మాయ కిందికి ఉండటం, పాత పెద్దాపరేషన్, బాగా తగ్గిన రక్తం... ఇలా కారణం ఏదైనా, ఎనిమిదో నెల దాటాక వారానికోసారి, కొందరిని రెండుసార్లు కూడా రమ్మంటారు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ప్రతి నెలా 9న డాక్టరు ఉచితంగా చూసే కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది. మంచిదే, కానీ ఆఖరి నెలలో ఆ ఒక్క రోజుతో సరిపెట్టుకోకూడదు. చీటీ మీద రాసిన తర్వాతి తేదీ కూడా అంతే. ఆ రోజు దాటకుండా రమ్మని రాస్తారు, తేడా అనిపిస్తే ఈలోపే రావాలి. "నిన్నటినుంచి బిడ్డ సరిగా తిరగట్లేదు సిస్టర్, ఎల్లుండి ఎలాగూ చెకప్ ఉందిగా, అప్పుడే చెబుదామనుకున్నా" అనే మాట లేబర్ రూముల్లో కొత్తేమీ కాదు. ప్రాణం మీదికి వచ్చేది ఆ ఎల్లుండి దాకా ఆగడం వల్లే.

నెలలు నిండాక చోటు చాలక బిడ్డ కదలికలు తగ్గుతాయని పెద్దవాళ్లు ధైర్యం చెబుతారు. నమ్మకండి. కదిలే తీరు కాస్త మారొచ్చుగానీ కదలికలు తగ్గకూడదు. అనుమానం వస్తే ఏదైనా తిని, ఎడమవైపు తిరిగి పడుకుని లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది కదలికలు తెలియకపోతే బయల్దేరాల్సిందే, అర్ధరాత్రయినా సరే. లెక్క సరిపోయినా రోజూ తిరిగేంతగా తిరగట్లేదని మీకు అనిపిస్తే, ఆ ఒక్క కారణం చాలు వెళ్లడానికి.

ఎక్కువమంది పొరబడేది స్కానింగ్ రిపోర్టు దగ్గర. లెక్క ప్రకారం 37 వారాలు, రిపోర్టులో మాత్రం 34 వారాలని ఉంటుంది. ఇంటిల్లిపాదీ "ఇంకా మూడు వారాలు టైముంది" అని ఊపిరి పీల్చుకుంటారు. అసలు సంగతి వేరు. ఆఖరి నెలల స్కాన్‌లో పడే వారాలు బిడ్డ సైజును బట్టి వచ్చినవి. కాన్పు తేదీకి మాత్రం మొదటి మూడు నెలల్లో తీసిన స్కానే ఆధారం, తర్వాతి స్కాన్లతో దాన్ని మార్చరు. ఆ తొలి స్కాన్ లెక్కన ఇప్పటికి 37 వారాలై, బిడ్డ సైజు 34 దగ్గరే ఆగిందంటే బిడ్డ ఎదుగుదల వెనకబడి ఉండొచ్చు. అప్పుడు డాప్లర్ (బిడ్డకు రక్తం ఎలా అందుతోందో చూసే స్కాన్) చూడాలి, ఉమ్మనీరు చూడాలి, చెకప్‌లు దగ్గర చేయాలి. అందుకే తొలి స్కాన్ రిపోర్టు పారేయకుండా ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టండి.

ఫైలు గురించి ఇంకో మాట. రాత్రి రెండింటికి క్యాజువాలిటీలో మిమ్మల్ని చూసే డ్యూటీ డాక్టరుకు మీరెవరో తెలియదు. ఒక తెల్లకాగితం మీద కాన్పు తేదీ, బ్లడ్ గ్రూపు, చివరి హిమోగ్లోబిన్, హైరిస్క్ అని ఎందుకన్నారో, వాడుతున్న మందులు, ఏ మందు పడదో, పాత కాన్పులు ఎలా జరిగాయో రాసి ఫైలు అట్టకు అంటించండి. ఫోన్లో ఫొటో ఉన్నా కాగితం కాగితమే. ఫోను ఛార్జింగ్ అయిపోయేది సరిగ్గా అప్పుడే.

చెకప్ రోజు పొద్దున బీపీ మాత్ర మానేసి వెళ్లేవాళ్లున్నారు, "అసలు బీపీ ఎంతో తెలియాలి" అని. మానొద్దు, డాక్టరుకు కావాల్సింది మాత్ర వేసుకున్నాక ఉండే బీపీ. ఫాస్టింగ్ షుగర్ పరీక్షకు మాత్రం ఇన్సులిన్, టిఫిన్ డబ్బా రెండూ వెంట తీసుకెళ్లండి. రక్తం ఇచ్చాక డాక్టరు చెప్పిన ప్రకారం వేసుకుని వెంటనే తినండి.

బీపీ చూసే తీరు కూడా గమనించండి. మెట్లెక్కి ఆయాసంతో వచ్చి కూర్చోగానే పట్టీ చుడితే వచ్చే అంకె నమ్మదగ్గది కాదు. ఐదు నిమిషాలు కూర్చుని, వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తున ఉంచి, మాట్లాడకుండా చూపించుకోవాలి. 140/90 దాటితే మళ్లీ చూడమనండి, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష రాశారా అని అడగండి. ఇంట్లో మిషన్‌లో 160/110 కనిపించి కాసేపటికి మళ్లీ చూసినా తగ్గకపోతే ఫోన్లు చేస్తూ కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్లిపోండి.

పుట్టింటికి వెళ్లి పురుడు పోసుకునే ఆనవాయితీ మనకుంది. ఎర్ర స్టిక్కర్ ఉన్నవాళ్లు తొమ్మిదో నెలలో ఆస్పత్రి మారడం మంచిది కాదు. వెళ్లేదేదో ముందే వెళ్లి, కాన్పు అక్కడే అయితే ఈలోపే ఒకటి రెండు చెకప్‌లు అక్కడ చేయించుకోండి. రాత్రిపూట మత్తు డాక్టరు ఉంటారా, రక్తం దొరుకుతుందా, నెలలు నిండని బిడ్డను చూసే విభాగం ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. మాయ కిందికి ఉన్నవాళ్లకు రక్తం ప్రశ్న మరీ ముఖ్యం. గ్రూపు కలిసే ఇద్దరు ముగ్గురి నంబర్లు ఫైల్లో రాసిపెట్టుకోండి.

ఇక ముహూర్తాలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో నూటికి 60కి పైగా పెద్దాపరేషన్లే. ఆపరేషన్ తప్పదనగానే పంతులుగారికి ఫోను వెళ్తుంది. డాక్టరు ఇచ్చిన రోజుల్లోనే మంచి ఘడియ చూసుకుంటే పోయేదేం లేదు. పాత పెద్దాపరేషన్ తప్ప వేరే ఇబ్బంది లేనివాళ్లకు మామూలుగా 39 వారాలు నిండాకే చేస్తారు. ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీ పెరిగి కిడ్నీలు, కాలేయం లాంటి వాటిమీద ప్రభావం చూపే జబ్బు) ఉంటే 37 నిండేసరికి, తీవ్రమైతే ఇంకా ముందే. నక్షత్రం కోసం 36లో కోయించుకుంటే ఊపిరికి ఇబ్బంది పడేది బిడ్డ. అమావాస్య వెళ్లనీ అని బీపీ పేషెంటును ఆపితే ఫిట్స్ వచ్చేది తల్లికి.

తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం చేతులు ఒక్కసారిగా ఉబ్బడం, నొప్పి లేకపోయినా రక్తం కనపడటం, ఉమ్మనీరు పోవడం... వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. తలనొప్పికో నడుంనొప్పికో ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ మాత్రం వేయించుకోవద్దు. ఈ నెలల్లో అది బిడ్డ కిడ్నీలకు, గుండె రక్తనాళానికి హాని చేస్తుంది, ఉమ్మనీరూ తగ్గిస్తుంది.

కాన్పు అయ్యాక కూడా చెకప్‌లుంటాయి. బీపీ ఉన్నవాళ్లకు మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్యలో అది బాగా పెరగొచ్చు. సరిగ్గా డిశ్చార్జ్ అయి ఇంటికి చేరే రోజులవి. డిశ్చార్జ్ కాగితం తీసుకునేటప్పుడే మళ్లీ బీపీ ఎప్పుడు చూపించుకోవాలో రాయించుకోండి. తల్లిది నెగెటివ్ గ్రూపు, బిడ్డది పాజిటివ్ అయితే తర్వాతి గర్భంలో బిడ్డకు ఇబ్బంది రాకుండా 72 గంటల్లోపు వేసే యాంటీ-డీ ఇంజెక్షన్ పడిందో లేదో కూడా అక్కడే అడగండి. గర్భంలో షుగర్ వచ్చినవాళ్లు బిడ్డకు ఆరో వారం టీకాలకు వెళ్లినప్పుడు తమ షుగర్ కూడా చూపించుకోవాలి.