కొత్త కోరల్ మూడో వారంలో పాడవుతోందా? అడుగు తిప్పి చూడండి

ఈ సమస్య దాదాపు ఒకే తీరులో మొదలవుతుంది. ఉప్పు నీళ్ల ట్యాంకులోకి కొత్తగా తెచ్చిన అక్రోపోరా (కొమ్మలుగా పెరిగే ఒక రకం కోరల్, అంటే పగడం) రెండు వారాలు కళకళలాడుతుంది. మూడో వారంలో గోధుమ రంగుకు తిరుగుతుంది, లేదా కొమ్మల కొసలు తెల్లబడతాయి, లేదా మొదలు దగ్గర కండ ఊడి అస్థిపంజరం బయటపడుతుంది.

ముందు చూడాల్సింది ట్యాంకు నీళ్లలో ఉప్పు. "కొలిచాను, బాగానే ఉంది" అంటారు అందరూ. ఉప్పు కొలిచే పరికరం రిఫ్రాక్టోమీటర్‌ని దేనితో సరిచూశారు? ఉత్త నీళ్లతో సున్నాకి పెట్టి వదిలేస్తే 35 పీపీటీ (వెయ్యికి 35 భాగాల ఉప్పు) దగ్గర తప్పు చూపించొచ్చు. 35 పీపీటీ ద్రావణంతో సరిచూసి మళ్లీ కొలవండి. కొన్ని కేసులు ఇక్కడే తేలిపోతాయి.

ఉప్పు సరిగ్గా ఉంటే, ఆ కోరల్ ఎక్కడ పెరిగిందో కనుక్కోండి. "పెంచిందేనండీ" అంటారు అమ్మేవాళ్లు. అబద్ధం కాకపోవచ్చు. ఇండోనేషియా లాంటి చోట్ల లోతు తక్కువ సముద్రంలో, స్టాండ్ల మీద సిమెంట్ బిళ్లలకు అతికించి పెంచే మారికల్చర్ కోరల్ కూడా పెంచినదే కదా! కానీ అది ట్యాంక్ మొహం చూసి ఎన్నాళ్లయింది?

నేను మోసపోయింది ఇక్కడే. పచ్చటి అక్రోపోరా ఒకటి గోధుమ రంగుకు తిరిగితే, వెలుగు చాలట్లేదని లైటు పెంచాను. పది రోజుల్లో మొదలు దగ్గర కండ ఊడటం మొదలైంది. తీసి తిప్పి చూస్తే బిళ్ల అడుగున బార్నకిల్ గుల్లలు, పురుగుల సున్నపు గొట్టాలు, కుళ్లిన స్పాంజి. వాసన ఇప్పటికీ గుర్తుంది. మొదటి రోజే తిప్పి చూస్తే అది సముద్రం నుంచి నేరుగా వచ్చిందని తెలిసిపోయేది. ట్యాంకులో పెరిగిన ఫ్రాగ్ (కోరల్ నుంచి కోసిన ముక్క) మామూలుగా ప్లగ్ (దాన్ని అతికించే చిన్న దిమ్మ) మీద శుభ్రంగా పాకి ఉంటుంది.

గోధుమ రంగు చావు కాదు. ఎండలో పెరిగినది మన లైటు కిందికి వచ్చాక, కండలో బతికే ఆల్గేని (కంటికి కనిపించనంత చిన్న నాచు) పెంచుకుని సర్దుకుంటోంది, అంతే. అప్పుడు ఒక్కసారిగా లైటు పెంచితే తెల్లబడిపోతుంది. సంచీ చీకట్లో ఎంతసేపు ప్రయాణం చేసిందో కూడా ఆలోచించండి. తక్కువ వెలుగులో మొదలుపెట్టి, కొన్ని వారాల మీద నెమ్మదిగా పైకి జరపండి.

తర్వాత చూడాల్సింది ఆల్కలినిటీ, అంటే కోరల్ అస్థిపంజరం కట్టుకోవడానికి వాడే కార్బోనేట్‌లు నీళ్లలో ఎంత ఉన్నాయో చెప్పే కొలత. సముద్రంలో ఇది దాదాపు 7 డీకేహెచ్ (ఆల్కలినిటీ యూనిట్). మన ట్యాంకుల్లో 10, 11 పెట్టి, నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకి దించేస్తే కొసలు కాలిపోతాయి. 7.5, 8 దగ్గర నిలకడగా ఉంచండి. దించేటప్పుడు తొందర వద్దు.

ఇక బిళ్ల సంగతి. కొమ్మని బిళ్ల నుంచి కోసి కొత్త ప్లగ్‌కి అతికించండి. పాత బిళ్ల పారేయండి, దాన్ని చూసి జాలి పడకండి. కండ మీద గుండ్రటి పాలిపోయిన మచ్చలుంటే ఫ్లాట్‌వార్మ్‌లు (కోరల్‌ని తినే చదును పురుగులు) కొరుకుతున్నట్టే. డిప్ (కోరల్‌ని కాసేపు మందు నీళ్లలో ముంచడం) పురుగుల్ని రాలుస్తుంది గానీ గుడ్లను చంపదు. ఆ గుడ్లు మొదలు దగ్గరి వట్టి అస్థిపంజరం మీద గోధుమ రంగు చుక్కల్లా గుంపుగా ఉంటాయి. గీకేసి, వేరే ట్యాంకులో ఉంచి, వారానికోసారి డిప్ చేస్తూ కొన్ని వారాలు ఆగండి.

జోయాంథస్, మష్రూమ్ లాంటి మెత్తటి కోరల్స్‌కు ఇంత టెన్షన్ అక్కర్లేదు. ఎక్కడి నుంచి వచ్చినా మామూలుగా బతికేస్తాయి. నీళ్లలో కరెంటు లీకవుతోందేమో, ఏదో బ్యాక్టీరియా పట్టిందేమో అనే అనుమానాలు ఇవన్నీ చూశాకే.