మాస్ కమ్యూనికేషన్ ఎందుకో ముందే తేల్చుకోండి: చెన్నైలోని తెలుగు విద్యార్థులకు

చెన్నైలో మాస్ కమ్యూనికేషన్ చదువుతామనే మన పిల్లలను ఎందుకని అడిగితే, రాయడం ఇష్టమనో, టీవీలో కనిపించాలనో, సినిమాల్లోకి వెళ్లాలనో, లెక్కలు పడవనో అంటారు. ఏ కారణమైనా సరే, దరఖాస్తు నింపకముందే దాన్ని పనిలో పెట్టి చూసుకోవాలి.

వార్తలు రాయాలనుకునేవారు ఒక తెల్లవారుజామున కోయంబేడు మార్కెట్‌కు వెళ్లాలి. మదనపల్లె నుంచి టమాటా తెచ్చిన లారీ డ్రైవర్ దొరికితే తెలుగులోనే మాట్లాడవచ్చు. హమాలీల దగ్గర మాత్రం తమిళం తప్పదు. పెట్టె ధర ఎంత, అందులో ఎన్ని కిలోలు, నిన్న ఎంత పలికింది, కమిషన్ పోను రైతు చేతికి ఎంత వస్తుంది అని అడిగి, ఇంటికొచ్చి 200 మాటల్లో వార్తగా రాయాలి. రాస్తున్నప్పుడు అడగకుండా వదిలేసిన ప్రశ్న ఏదో ఒకటి తప్పక బయటపడుతుంది. దానికోసం మర్నాడు మళ్లీ వెళ్లబుద్ధయితే జర్నలిజం మీకు సరిపడుతుంది. ఉన్నదానితో సర్దేద్దామనిపిస్తే, వాక్యం ఎంత సొగసుగా వచ్చినా ఆ వృత్తిలో నిలవడం కష్టం.

అలా వెళ్లబుద్ధయినవారు కూడా డిగ్రీలోనే జర్నలిజం తీసుకోనక్కర్లేదు. ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజంలోని పీజీ డిప్లొమాకు ఏ డిగ్రీవారైనా అర్హులే కనుక, ముందు ఆర్థికశాస్త్రమో చరిత్రో చదివి తర్వాత ఇటు రావడమే మేలని నా అభిప్రాయం.

సినిమా, కెమెరా వైపు మొగ్గున్నవారికి లయోలా వంటి కళాశాలల్లోని విస్కామ్ (విజువల్ కమ్యూనికేషన్) కోర్సు దగ్గరి దారి. చేరేముందు బ్రోచర్‌ను పక్కనపెట్టి, సీనియర్లు తీసిన లఘుచిత్రాలు చూడండి. కెమెరా ఒక్కొక్కరి చేతికి ఎన్నాళ్లకు వస్తుందో వాళ్లనే అడగండి. గొంతు మీద నమ్మకమున్నవారు కమ్యూనిటీ రేడియో ఉన్న ప్రాంగణాలను గమనించాలి. అన్నా విశ్వవిద్యాలయం 2004లో మొదలుపెట్టిన అన్నా ఎఫ్ఎం దేశంలోనే తొలి క్యాంపస్ కమ్యూనిటీ రేడియో.

లెక్కలు తప్పించుకోవాలనుకునేవారికి ఇది చోటు కాదు. బడ్జెట్, ఎన్నికల ఫలితాలు, టీవీ రేటింగులు, అన్నీ అంకెలే.

ఇక భాష సంగతి. 1914లో ఆంధ్రపత్రిక దినపత్రికగా వెలువడింది మద్రాసు నుంచే అయినా, నేడు తెలుగు న్యూస్‌రూములు ప్రధానంగా హైదరాబాద్, విజయవాడల్లో ఉన్నాయి. చెన్నైలో ఇంగ్లిష్‌లో చదివి తెలుగులో పనిచేయాలనుకుంటే, మొదటి ఏడాది నుంచే యూనికోడ్‌లో టైపింగ్ నేర్చుకుని, రోజుకొక ఇంగ్లిష్ వార్తను తెలుగు చేసి, సెలవుల్లో ఇంటర్న్‌షిప్‌కు అక్కడి డెస్కులకే దరఖాస్తు పెట్టుకోండి.