వోల్టు, ఆంపు తెలిస్తే ఓమ్, వాట్ తీసుడెట్ల: మా ఇంట్ల హీటర్ రాడ్డు లెక్క

పోయిన చలికాలం నల్గొండ పోయి 1500 వాట్ల హీటర్ రాడ్డు కొనుక్కొచ్చిన. మాది దేవరకొండ దిక్కు పల్లె. తెల్లారి 20 లీటర్ల బకెట్ల పెడితే అరగంటైనా నీళ్లు గోరువెచ్చగనే ఉన్నయి, మా అవ్వ ఒకటే తిట్టుడు, గిదేం రాడ్డు తెచ్చినవ్ రా కట్టెల పొయ్యే నయం గద అని. నేను గూడ దుకాణపోడు డూప్లికేట్ అంటగట్టిండు అనే అనుకున్న, వాపస్ ఇయ్యనీకె సంచిల పెట్టుకున్న గూడ. ఊర్ల మోటర్ల వైండింగ్ చేసే అన్న ఆపిండు, ముందు లెక్క చూడు తమ్మీ తర్వాత కొట్లాడు అని వైరు చుట్టు పట్టిస్తే ఆంపులు చూపెట్టే క్లాంప్ మీటర్ చేతికిచ్చిండు.

లెక్క పదో తరగతిల చదివిందే. వోల్టంటే కరెంటును నెట్టే జోరు, ఆంపంటే పారే కరెంటు, ఓమంటే ఆ కరెంటుకు పడే అడ్డం, వాటంటే సెకనుకు ఖర్చయ్యే శక్తి. ఓమ్‌లు కావాల్నంటే వోల్టులను ఆంపులతోని భాగించాలె, వాట్లు కావాల్నంటే వోల్టులను ఆంపులతోని గుణించాలె. గంతే. మీటర్ల మిల్లీఆంపులు చూపెడితే మాత్రం ముందు 1000తోని భాగించి ఆంపులు చేస్కోవాలె, లేకుంటే చిన్న ఎల్‌ఈడీ బల్బు గూడ బోరు మోటరంత కరెంటు తాగుతున్నట్టు లెక్క వస్తది.

అసలు తిప్పలు లెక్కల లేదు, లెక్కల ఏ నంబర్ ఏస్తున్నవ్ అన్నదాంట్ల ఉంది. అందరూ కండ్లు మూస్కొని 230 ఏస్తరు. 230 అన్నది సర్కారు లెక్క, మీ సాకెట్ల ఎంతుందో మీటర్ చెప్పాలె, అది గూడ రాడ్డు నడుస్తున్నప్పుడు చూడాలె, ఖాళీ సాకెట్ల చూస్తే అది ఉత్త మాటే.

వోల్టేజ్ చూసేటప్పుడు మల్టీమీటర్ ఎర్ర వైరు 10 ఆంపుల రంధ్రంల లేదు గద అని ఒకటికి రెండుసార్లు చూస్కోండి. ఉంటే సాకెట్ల పెట్టంగనే షార్టే, నేను ఒక మీటర్ గిట్లనే పేల్చుకున్న, చెయ్యి కాలకుండ బతికిన. ఆంపులకు క్లాంప్ మీటరే మంచిది, వైరు కొయ్యాల్సిన పని లేదు. కాకపోతే రెండు వైర్లు కలిపి పట్టిస్తే సున్నా చూపెడతది, ఎందుకంటే పొయ్యే కరెంటు వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేస్తయి. ఒక్క ఫేజు వైరునే మీటర్ కొక్కెం లోపలికి తీస్కోవాలె. నేను పది నిమిషాలు మీటర్ ఖరాబైందనుకొని దాన్ని తట్టుకుంట కూసున్న.

మా ఇంట్ల రాడ్డు నడుస్తుంటే 185 వోల్టులు, 5.2 ఆంపులు. 185 ÷ 5.2 = 35.6 ఓమ్‌లు. 185 × 5.2 = 962 వాట్లు. 1500 అని కొన్నది 962 ఇస్తుంటే నీళ్లెట్ల కాగుతయి. 20 డిగ్రీల నుంచి 50కి తేవాల్నంటే 1500 వాట్లకు 28 నిమిషాలు పట్టేది మాకు దగ్గర దగ్గర 44 అయితది.

మరి తప్పు రాడ్డుదా? దానికి ఇంకో లెక్కుంది, వోల్టును వోల్టుతోనే గుణించి వాట్లతోని భాగిస్తే ఓమ్‌లు వస్తయి. రాడ్డు మీద రాసినట్టు 230 × 230 ÷ 1500 అంటే 35.3 ఓమ్‌లు. మాకొచ్చింది 35.6. అంటే రాడ్డు మంచిదే! డూప్లికేట్‌ది, లోపల 1000 వాట్లదే పెట్టి ఉంటే 53 ఓమ్‌ల దాకా రావాలె. దుకాణపోన్ని తిట్టుకున్నందుకు మనసుల జర సిగ్గనిపించింది.

ఇగ తప్పు వోల్టేజ్‌ది. రాడ్డు బంద్ చేసి చూస్తే అదే సాకెట్ల 214 ఉంది. రాడ్డు ఏయంగనే 29 వోల్టులు మాయం, అవి ఎటు పొయ్యినట్టు? 29 × 5.2 = 151 వాట్లు, అంటే రెండు 60 వాట్ల బల్బులకంటె ఎక్కువ వేడి గోడల యాడనో ఉత్తగ కాలుతున్నది. మెయిన్ బంద్ చేసి బోర్డు ఇప్పితే కిట్‌క్యాట్ ఫ్యూజు స్క్రూ లూజుంది, పింగాణీ నల్లగ మాడింది. అది మార్చినంక రాడ్డు మీద 208 వోల్టులు, 5.8 ఆంపులు, లెక్కేస్తే 1206 వాట్లు. మా అవ్వ తిట్లు తగ్గినయి, పూర్తిగ బంద్ కాలె.

వైర్ల గట్ల పొయ్యే వేడికి లెక్క ఆంపు × ఆంపు × ఓమ్. ఆంపులు రెండింతలైతే వేడి నాలుగింతలు, అందుకే నాగార్జునసాగర్ల పుట్టిన కరెంటును వోల్టేజ్ మస్తు పెంచి ఆంపులు తగ్గించి పెద్ద లైన్ల మీద పంపేది.

ఈ లెక్క రాడ్డుకు, ఇస్త్రీపెట్టెకు బరాబర్ పనిచేస్తది. పాత ఫిలమెంట్ బల్బును మల్టీమీటర్‌తోని చల్లగ ఉన్నప్పుడు చూస్తే మాత్రం ఓమ్‌లు మస్తు తక్కువ వస్తయి, వెలుగుతున్నప్పటి దాంట్ల పదో వంతు గూడ ఉండదు, బల్బు ఖరాబైందనుకోకుండ్రి.

బోరు మోటరు సంగతి వేరే. దానికి వోల్టును ఆంపుతోని భాగిస్తే వైండింగ్ ఓమ్‌లు రావు. త్రీఫేజు మోటరుకు వాట్లు కావాల్నంటే 1.732 × వోల్టు × ఆంపు × పవర్ ఫ్యాక్టర్ (అంటే తీసిన కరెంటుల నిజంగ పనికొచ్చే వంతు). 5 హెచ్‌పీ మోటరు 415 వోల్టుల మీద 8 ఆంపులు తీస్తున్నదనుకో, పవర్ ఫ్యాక్టర్ 0.8 అయితే 4600 వాట్లు. 5 హెచ్‌పీ అంటే 3730 వాట్లే గద అంటరు, అది మోటరు చేసే పని, మిగిలింది వేడి కిందికి పొయ్యేది. ఇంకోటి, వోల్టేజ్ తగ్గితే రాడ్డు తక్కువ ఆంపులు తీస్తది గని మోటరు ఉల్టా ఎక్కువ తీస్తది. 8 పోయి 10 అయిందంటే వైండింగ్ల వేడి ఒకటిన్నరింతలు. నాట్లప్పుడు మా వైండింగ్ అన్న దుకాణం ముంగట మోటర్లు లైన్ కట్టేది గిందుకే.